పెద్దాసుపత్రి సురక్ష క్లినిక్: నాలుగు స్టార్లు, ఒక కర్టెన్ బాకీ

బిర్యానీ సెంటర్లకి రివ్యూలున్నాయి, మిక్సీలకున్నాయి, చీరల కొట్లకున్నాయి. తెల్లబట్ట చూపించుకునే చోటుకి మాత్రం ఎవరూ రాయరు. నేను రాస్తున్నాను. నేను ఎల్ఐసీ ఏజెంటుని. పాలసీ ఫారంలో ఆడవాళ్ళకి విడిగా ఉండే ప్రశ్నలు పరాయి ఇళ్ళల్లో కూర్చుని అడిగీ అడిగీ నాకు మొహమాటం ఎప్పుడో పోయింది.

మాది గోదావరి జిల్లా. మెడికల్ కాలేజీ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, మేమంతా పెద్దాసుపత్రి అంటాం. గైనిక్ ఓపీ వరండా చివర్లో సురక్ష క్లినిక్ అని ఒక గది. తెల్లబట్ట, దురద, మంట, దుర్వాసన, కింద పుండ్లు, పొత్తికడుపు నొప్పి లాంటివన్నీ అక్కడ ఉచితంగా చూస్తారు. మగవాళ్ళకి ఇదే క్లినిక్ చర్మవ్యాధుల ఓపీ పక్కన ఉంటుంది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు చాలావాటిలో ఇలాంటిది ఒకటి ఉంటుంది, మనం పట్టించుకోం అంతే.

నాకు నలభై ఆరు, షుగర్ ఉంది. ఎండాకాలం మొదట్లో షుగర్ డాక్టరు గారు మాత్ర మార్చారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి దురద పట్టుకుంది. క్లయింటు ఇంట్లో సోఫా మీద కూర్చుని ప్రీమియం లెక్క చెప్తుంటే మనసంతా లెక్క మీద కాక ఇంకోచోట ఉండేది. తర్వాత పెరుగు విరిగినట్టు తెల్లగా, ముద్దలుగా పడడం, ఒంటికి వెళ్తే మంట. వాసన మాత్రం లేదు.

మా తోటికోడలిది పూర్తిగా వేరే కథ. తనకి దురద లేదు. పల్చగా, బూడిద కలిసిన తెలుపులో పడుతుంది, చేపల వాసన. భర్తతో కలిసిన తర్వాత ఆ వాసన ఇంకా ఎక్కువ. మెడికల్ షాపులో చెప్తే కౌంటర్ దగ్గరున్న కుర్రాడు ఏమీ అడక్కుండా మూడు రకాల మాత్రలు కలిపి అమ్మే కిట్ ఇచ్చాడు. వేసుకుంటే తగ్గింది, పోయిన నెల మళ్ళీ వచ్చింది. మా అత్తగారు ఇద్దరికీ ఒకటే తీర్పు చెప్పారు: "వేడి చేసిందే, సగ్గుబియ్యం జావ తాగండి." జావ బాగుంది. చల్లగా ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇద్దరం కలిసి ఒక పొద్దున వెళ్ళాం. ఓపీ చీటీకి ఇప్పుడు ఫోన్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ వచ్చేస్తోంది, కాబట్టి చీటీ దగ్గర పెద్ద ఆలస్యం లేదు. అసలు ఇబ్బంది బోర్డు దగ్గర. సురక్ష క్లినిక్ అన్న అక్షరాల పక్కన ఎర్ర రిబ్బన్ బొమ్మ ఉంటుంది. అది చూసి మా తోటికోడలు నా చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. "అక్కా, ఇది ఎయిడ్స్ వాళ్ళది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? వెళ్ళిపోదాం రా." ఈ క్లినిక్కులు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యక్రమం కింద నడుస్తాయి కాబట్టి ఆ రిబ్బన్. లోపల కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది మాలాంటి సంసారులే, తెల్లబట్టకి వచ్చినవాళ్ళే. అయినా ఆ బొమ్మ చూసి గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి తిరిగేవాళ్ళు ఉంటారు, నాకు అనుమానం లేదు. బోర్డుకి మార్కులు ఇవ్వను.

ఇక కౌన్సెలరమ్మ గారు. ఈ రివ్యూలో సగం ఆవిడ కోసమే రాస్తున్నాను. ముప్పై దాటి ఉంటాయేమో, గొంతు చిన్నది, ఓపిక పెద్దది. ముందు బొమ్మల పుస్తకం తీసి మామూలు తెల్లబట్ట అంటే ఏమిటో చెప్పారు. ఇద్దరు పిల్లల్ని కన్న నాకు ఆ మాట అప్పటిదాకా ఏ డాక్టరూ చెప్పలేదు. యోని తనను తనే శుభ్రం చేసుకుంటుందట. అక్కడ లాక్టోబాసిల్లై అనే మంచి బాక్టీరియా ఉండి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది, దానివల్ల లోపల ఎప్పుడూ కాస్త పులుపు స్వభావం ఉంటుంది, ఆ పులుపుని కొలిచే పీహెచ్ అంకె 3.8 నుంచి 4.5 మధ్యలో. ఆ అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు. ఆ పులుపే కాపలా. రోజూ కొంత తడి పడడం ఆ శుభ్రంలో భాగం. నెలసరికీ నెలసరికీ మధ్య, అండం విడుదలయ్యే రోజుల్లో అది పల్చగా, పారదర్శకంగా, వేళ్ళ మధ్య సాగేట్టు ఉంటుంది. ఆ తర్వాత చిక్కబడి తగ్గుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. ముట్లు ఆగిపోయాక తగ్గిపోయి పొడిగా అవుతుంది. బట్ట మీద ఆరితే లేత పసుపు మరక కనపడడం కూడా మామూలే.

"ఎంత పడుతోంది అని మాత్రమే చూడకండమ్మా. మీకు ఎప్పుడూ ఉండేదానికి ఏం మారింది? రంగా, వాసనా, చిక్కదనమా? దురదో నొప్పో తోడయ్యిందా? అది చెప్పండి," అన్నారావిడ.

తెల్లబట్ట పడితే ఎముకలు కరిగిపోతాయంటారు కదా అని మా తోటికోడలు అడిగింది. ఈ మాట మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు, నడుం నొప్పికి కూడా దాన్నే కారణంగా చెప్తారు. ఆవిడ నవ్వలేదు. ఎముక కరిగి అలా బయటికి రావడం ఉండదనీ, నీరసంగా ఉంటే రక్తం తక్కువేమో చూడాలనీ చెప్పి అక్కడికక్కడే హిమోగ్లోబిన్ పరీక్షకి చీటీ రాశారు.

మా ముందు లోపలికి వెళ్ళిన అమ్మాయి డిగ్రీ చదువుతున్నట్టుంది, వాళ్ళమ్మ వెంట వచ్చింది. నెల మధ్యలో నాలుగైదు రోజులు జిగురుగా పడుతోంది, ఇంకే బాధా లేదు, హాస్టల్లో స్నేహితురాళ్ళు భయపెట్టారు. డాక్టరు గారు అన్నీ అడిగి, ఇది మామూలే, మందు అక్కర్లేదని పంపించేశారు. వాళ్ళమ్మకి నచ్చలేదు, "కనీసం బలానికి ఏదైనా రాయండి మేడం" అంది. మందు రాయకుండా పంపించే డాక్టర్లని నేను తక్కువ చూశాను కాబట్టి ఒక స్టార్ అక్కడే ఇచ్చేశాను. కానీ ఇదంతా నాకెలా తెలిసింది? వరండాలో బెంచీ మీద కూర్చుంటే లోపలి మాటలన్నీ వినపడ్డాయి. ఆ పిల్ల మాటలు నేను వినకూడదు. మధ్యలో తలుపు లేదు, ఉన్న కర్టెన్ సగానికే వస్తుంది. లోపల పరీక్ష జరుగుతుండగా రిజిస్టర్ కోసం ఒకాయన తెర తొలగించుకుని వచ్చాడు, నర్సమ్మ ఒక్క అరుపు అరిస్తే వెనక్కి పోయాడు. గది ఎంత బాగా పనిచేసినా ఈ ఒక్కటీ సరిచెయ్యకపోతే ఐదో స్టార్ ఇవ్వను.

పరీక్ష సంగతి చెప్పాలి, చాలామంది భయపడేది దానికే. స్పెక్యులం అని బాతుముక్కులాంటి పరికరం ఒకటి పెట్టి, లైటు వేసి, లోపలా గర్భసంచి ముఖద్వారమూ చూస్తారు. చల్లగా ఉంటుంది, ఇబ్బందిగా ఉంటుంది. ఊపిరి వదులుతూ నడుం వదులుగా పెడితే నొప్పి అంతగా ఉండదు. పెళ్ళికాని పిల్లలకి అది పెట్టరు, ముందే అడుగుతారు. దూదిపుల్లతో కొంచెం స్రావం తీసి ఒక చిన్న కాగితం మీద అద్దారు. ఆ కాగితం రంగు మారేదాన్నిబట్టి పీహెచ్ తెలుస్తుంది. మిగతాది గాజుపలక మీద రెండు చోట్ల పూసి, ఒకదాని మీద ఉప్పునీటి చుక్క, ఇంకోదాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేశారు. మా తోటికోడలి దాని మీద ఆ రెండో చుక్క పడగానే చేపల వాసన గుప్పుమంది. పక్కన నేర్చుకుంటున్న పీజీ అమ్మాయి అదే పరీక్ష అని చెప్పింది. అంటే వాసన రావడమే పరీక్ష!

మైక్రోస్కోపులో చూసి పావుగంటలో చెప్పేశారు. నాది కాండిడా అనే ఫంగస్. పీహెచ్ మామూలుగానే ఉంది. తనది బాక్టీరియల్ వజైనోసిస్. మంచి బాక్టీరియా తగ్గి వేరే బాక్టీరియా పెరిగిపోవడం, పీహెచ్ 4.5 దాటడం. ఒకే ఇంట్లో, ఒకే అత్తగారి చేతి జావ తాగిన ఇద్దరికీ రెండు జబ్బులు, రెండు మందులు. నా ఫంగస్‌కి వేసే మందు తన బాక్టీరియా మీద పనిచెయ్యదు, తన మందు నా మీద పనిచెయ్యదు. మెడికల్ షాపు కిట్ ఏం చేస్తుందంటే అన్నిటికీ తలా ఒక మాత్ర వేసి ఏదో ఒకటి తగలకపోతుందా అనుకుంటుంది. అవసరం లేని యాంటీబయాటిక్ పడితే ఉన్న మంచి బాక్టీరియా కూడా పోయి, దాని వెనకే ఫంగస్ రావొచ్చు. ఆ కిట్‌కి నా రేటింగ్ సున్నా, అడక్కుండా ఇచ్చినందుకు.

డాక్టరు గారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "షుగర్ మాత్ర ఏదైనా కొత్తగా మొదలుపెట్టారా?" ఫోన్లో చీటీ ఫోటో చూపించాను. డాపాగ్లిఫ్లోజిన్. ఆ మందు పనిచేసే తీరే రక్తంలో ఎక్కువున్న చక్కెరని మూత్రంలోకి పంపేయడమట. మూత్రంలో చక్కెర ఉంటే అక్కడి చర్మం మీద ఫంగస్‌కి విందు. ఆ మందుతో ఆడవాళ్ళకి ఈ ఇబ్బంది తరచుగా వస్తుందని తెలిసిన విషయమేనట. మరి రాసిన డాక్టరు ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది? మందు నా అంతట నేను ఆపొద్దని, షుగర్ డాక్టర్‌తో మాట్లాడమని, ఒంటికి వెళ్ళిన ప్రతిసారీ మామూలు నీళ్ళతో కడుక్కుని తడి లేకుండా తుడుచుకోమని చెప్పారు. గుండెకీ కిడ్నీకీ మేలు చేసే మాత్ర అది, దురద వచ్చిందని చెత్తబుట్టలో వెయ్యకూడదు. షుగర్ అదుపులో లేనివాళ్ళకి ఫంగస్‌కి మింగే ఫ్లుకోనజోల్ మాత్ర ఒక్కదానితో సరిపోకపోవచ్చని, వారం పాటు రాత్రిపూట లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలూ పైన రాసే క్రీమూ ఇచ్చారు. క్రీమ్ ఆసుపత్రి ఫార్మసీలో ఉంది, మాత్రలు బయట కొనుక్కోవాల్సి వచ్చింది. ఈ మాత్రల వల్ల కండోమ్ రబ్బరు దెబ్బతినొచ్చని కౌన్సెలరమ్మ చెప్పారు. ఇది పెట్టె మీద చదివేవాళ్ళు ఎంతమంది?

మా తోటికోడలికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఏడు రోజుల కోర్సు. రెండు రోజులకి వాసన పోయిందని ఆపొద్దని గట్టిగా చెప్పారు. నోరు చేదుగా ఉంటుంది, అది నిజం, వారమంతా కాఫీ తిట్టుకుంటూ తాగింది.

తర్వాత ఇంకోసారి మా వీధిలో కుట్టుమిషన్ పెట్టుకున్నావిడని తీసుకెళ్ళాను. ఆ రోజు మైక్రోస్కోపు చూసే మనిషి లేరు. ఇలాంటప్పుడు లక్షణాలు అడిగి, స్పెక్యులంతో చూసి, జబ్బుకో రంగు చొప్పున ఉండే మందుల పెట్టె ఇస్తారు. తెల్లబట్టకి ఆకుపచ్చ పెట్టె, అందులో సెక్నిడజోల్ అనే యాంటీబయాటిక్ రెండు గ్రాములు, ఫ్లుకోనజోల్ నూట యాభై మిల్లీగ్రాములు. గర్భసంచి ముఖద్వారం ఎర్రగా, చీముతో ఉంటే బూడిద రంగు పెట్టె. పొత్తికడుపు నొప్పికి పసుపు పెట్టె. మెడికల్ షాపు కిట్‌ని తిట్టి దీన్ని మెచ్చుకుంటున్నానేమిటి అనొచ్చు. తేడా ఉంది: ఇక్కడ ఒక మనిషి లోపల చూసి, కడుపు నొక్కి చూసి, గర్భం ఉందా అని అడిగి ఏ పెట్టె అన్నది తేలుస్తారు. వారంలో తగ్గకపోతే రమ్మని కార్డు మీద రాస్తారు. అయినా స్లైడు చూసిన రోజుకీ చూడని రోజుకీ తేడా ఉంటుంది కాబట్టి, వెళ్ళగలిగితే ల్యాబ్ మనిషి ఉండే పొద్దుటి పూటే వెళ్ళండి. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ ఫ్లుకోనజోల్ మాత్ర మింగకూడదు, వాళ్ళకి వేరే మందు ఉంటుంది, ముందే చెప్పాలి.

కుట్టుమిషన్ ఆవిడకి పసుపు పచ్చగా, నురగగా పడుతోంది. ట్రైకోమోనాస్ అని, కలయికలో ఒకరి నుంచి ఒకరికి అంటే పరాన్నజీవి అయ్యుండొచ్చు, భర్తకీ మందు వెయ్యాలి, ఇద్దరూ ఒకేసారి వేసుకోకపోతే మళ్ళీ వస్తుందని చెప్పారు. భర్త బయట బండి మీదే కూర్చున్నాడు, లోపలికి రానన్నాడు. కౌన్సెలరమ్మ వరండా దాటి, బండి దగ్గరికి నడిచి వెళ్ళి మాట్లాడారు. ఏం మాట్లాడారో తెలీదు. ఆయన లోపలికొచ్చి మాత్రలు తీసుకున్నాడు.

హెచ్ఐవీ, సిఫిలిస్ రక్తపరీక్షలు కూడా అడుగుతారు. బలవంతం లేదు, ఒప్పుకుంటేనే తీస్తారు. పక్క గదిలోనే. నేను చేయించుకున్నాను, ఫలితం ఆ రోజే చెప్పారు.

ఇంకొకటి, దీనికి నేను అడగనే లేదు. ముప్పై దాటారు కదా, పనిలో పని గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష కూడా చేస్తామన్నారు. ముఖద్వారం మీద పల్చటి ఎసిటిక్ ఆమ్లం రాసి, ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చ వస్తుందేమో చూస్తారు. ముప్పై నుంచి అరవై ఐదు దాకా ఐదేళ్ళకోసారి చేయించుకోవాలట. నాకు ఏమీ లేదు. అదే రోజు ఒక పెద్దావిడ వచ్చారు, ముట్లు ఆగి పదేళ్ళు దాటిందంటున్నారు, ఇప్పుడు రక్తం కలిసిన నీరులా పడుతోంది, కోడలికి చెప్పడానికి సిగ్గుపడి నెలలు గడిపారు. క్యూ ఆపి ఆవిడనే ముందు చూశారు, స్కానింగ్‌కీ ముక్క పరీక్షకీ పంపారు. ముట్లు ఆగిపోయాక ఒక్క చుక్క ఎరుపు కనపడినా ఆగకూడదని కౌన్సెలరమ్మ మాకందరికీ వినపడేలా చెప్పారు. భర్తతో కలిసిన తర్వాత రక్తం కనపడినా అంతే. తెల్లబట్టతో పాటు జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉంటే తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా వెళ్ళాలి, గర్భాశయానికీ ట్యూబులకీ ఇన్‌ఫెక్షన్ పాకి ఉండొచ్చు, పిల్లలు పుట్టకుండా పోయే ప్రమాదం దాంట్లోనే ఉంది. కడుపుతో ఉండి నీళ్ళలా కారుతుంటే నేరుగా కాన్పుల వార్డుకే. కొన్ని ఇన్‌ఫెక్షన్లు, గనేరియా, క్లమీడియా లాంటివి, చాలామంది ఆడవాళ్ళలో ఏ గుర్తూ లేకుండా కూర్చుంటాయి కాబట్టి భర్తకి మూత్రంలో మంటో చీమో ఉంటే మనకేమీ లేకపోయినా చూపించుకోవాలి.

ఇంట్లో ఉన్న సామానుకి కూడా రేటింగ్ ఇచ్చేస్తాను. ఆడవాళ్ళ కోసమని గులాబీరంగు సీసాలో అమ్మే వాష్, మా అమ్మాయి తెప్పించింది: ఒక స్టార్, సీసా బాగుంది. లోపల కడగాల్సిన పని లేదు, బయటకి నీళ్ళు చాలు. సువాసన ఉన్నవి దురదని పెంచుతాయి. లోపలికి నీళ్ళో లోషనో కొట్టి కడిగితే మంచి బాక్టీరియా కొట్టుకుపోయి జబ్బు తెచ్చుకున్నట్టే. స్నానం నీళ్ళల్లో యాంటిసెప్టిక్ లోషన్ కలుపుకుని కడుక్కునే అలవాటు మా అక్కచెల్లెళ్ళకి అందరికీ ఉండేది, మాన్పించాను. రోజూ వాడే ప్యాంటీ లైనర్లు ఈ ఉక్కలో చెమట పట్టించడం తప్ప చేసిందేమీ లేదు, ఒకటిన్నర స్టార్. నూలు లోదుస్తులు, ఎండలో ఆరేసినవి: ఐదు. వాటిని చీర చాటున నీడలో ఆరేసే పద్ధతి మాత్రం మా ఇంట్లో ఇంకా పోలేదు, నా పోరాటం నడుస్తోంది.

వెళ్ళేవాళ్ళు తెలుసుకోవాల్సినవి. నెలసరి రోజుల్లో వెళ్తే సరిగా చూడలేరు, రక్తం బాగా పోతుంటే తప్ప ఆగి వెళ్ళండి. ముందురోజు లోపల ఏ మందూ పెట్టుకోకండి, కడగకండి, భర్తతో కలవకండి, స్లైడు తేడా వస్తుంది. వాడుతున్న మాత్రలన్నిటి చీటీలూ తీసుకెళ్ళండి, షుగర్‌వీ బీపీవీ కూడా. చీరో వదులు పంజాబీ డ్రెస్సో అయితే సులువు. మీ ఊళ్ళో ఈ క్లినిక్ ఎక్కడుందో తెలియకపోతే 1097కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు. ఆసుపత్రిలో అడిగేటప్పుడు గేటు దగ్గరున్న సెక్యూరిటీని అడక్కండి, మమ్మల్ని మార్చురీ వైపు పంపించాడు. గైనిక్ ఓపీ అని అడిగి వరండా చివరిదాకా నడవండి. నీళ్ళ సీసా తీసుకెళ్ళండి, అక్కడి కుళాయి పనిచెయ్యదు.